నొక్కినా అణగని నరం

పోయిన వారం పేరంటాలుని రేపల్లెలో, వియ్యపురాలి ఇంట్లో, బాలింత మంచం పక్కన నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ చేతులు చాపుకునే ఉంది. కోడలికి పాలు బాగా పడతాయని బాపట్ల నుంచి సొరచేప మోసుకుని బస్సు దిగిన మనిషి, మనవరాలిని చేతుల్లోకి తీసుకోబోతూ, పక్కకి తొలగిన దుప్పటి కింద కోడలు ఉమామహేశ్వరి ఎడమకాలు చూసింది. అక్కడ ఆగాం.

ఆ కాలు కుడికాలికి తోడబుట్టిందంటే ఎవరూ నమ్మరు. కుడిది చెరుకుగడలా ఉంది. ఎడమది తొడ నుంచి మడమ దాకా ఉబ్బి, చర్మం సాగి నిగనిగలాడుతోంది. పేరంటాలు వేలితో పిక్క మీద నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలింది.

"ఎప్పట్నుంచే ఇది?"

"మొన్నట్నుంచి అత్తా. ముందు పిక్క పట్టేసినట్టుంటే తగ్గిద్దిలే అనుకున్నా. ఇప్పుడు తొడ దాకా బరువు. అమ్మేమో బాలింతవాతం అంటంది."

పేరంటాలు గదంతా ఒకసారి కలియజూసింది. కిటికీ తలుపులు మూసేశారు. సాంబ్రాణి పొగ ఎంత దట్టంగా ఉందంటే, దాన్ని కత్తితో కోసి ముక్కలుగా అమ్ముకోవచ్చు. పిల్ల చెవుల్లో దూది, తలకి గుడ్డ. మంచం పక్కన పళ్ళెంలో వెల్లుల్లి కారం, కాచి చల్లార్చిన నీళ్ళు ఒక చిన్న గ్లాసులో, అదీ సగానికి. తెనాలి నర్సింగ్ హోములో కడుపు కోసి బిడ్డను తీసిన రోజు నుంచీ ఉమ మంచం దిగింది తక్కువ. కదిలితే కుట్లు లాగుతాయని పడుకోబెట్టారు. ఎక్కువ తాగితే ఒంటికి నీరు పడుతుందని నీళ్ళు కొలిచి పోశారు. ప్రేమ తక్కువై కాదు, ఎక్కువై.

పేరంటాలు వంటింట్లోకి వెళ్ళి పెద్ద చెంబు నిండా నీళ్ళు తెచ్చింది.

"తాగు."

"అమ్మ చంపుద్ది."

"మీ అమ్మని నేను చూసుకుంటా. తాగు ముందు."

పిల్ల చెంబెత్తి గటగటా తాగేసింది. ఆ తాగుడు చూస్తే పొన్నూరు నుంచి రేపల్లె దాకా కాలువలన్నీ ఎండిపోతాయేమో అనిపించింది. సరిగ్గా అప్పుడే ఉమ తల్లి నాగలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యయ్యో! వదినా! ఏం పని చేశావు? పచ్చి బాలింతకి చెంబెడు నీళ్ళా?"

"నీళ్ళ సంగతి తర్వాత. ఈ కాలేంటి వదినా?"

"వాతం. ఒళ్ళు పట్టే అంకమ్మకి కబురు చేశా. ఆముదం కాచి, గట్టిగా కిందనుంచి పైకి రుద్ది, వేన్నీళ్ళు పోసిందంటే సాయంత్రానికి వాపు దిగిపోద్ది."

'గట్టిగా' అన్న మాట వినగానే పేరంటాలు దుప్పటి లాగి ఆ కాలి మీద కప్పేసింది.

ఇక్కడ ఆవిడ సంగతి ఒకటి చెప్పుకోవాలి. బాపట్ల దగ్గర ఆవిడుండే సూర్యలంక ఒడ్డున పేరంటాలు మాటంటే అదో వేడుక. తుఫానుకి తన వంటింటి కప్పు ఎగిరిపోయి, మర్నాడు గాలి మళ్ళితే తిరిగొచ్చిందనీ, అయితే పక్కింటి మీద దిగిందనీ, ఆ పక్కింటావిడ ఇప్పటికీ ఇవ్వట్లేదనీ చెప్పింది ఈవిడే. పీత ఒకటి తన చెప్పు తొడుక్కుని నీళ్ళల్లోకి నడుచుకుంటూ పోయిందనీ చెప్పింది. చెబుతుంటే జనం వలలు బాగుచేసుకోవడం మానేసి మరీ వినేవాళ్ళు. వినేవాళ్ళే గానీ నమ్మేవాళ్ళు కాదు.

పోయినేడాది ఆవిడ కాలి మీద, పడవని ఒడ్డుకి లాగుతుంటే దుంగ దొర్లింది. కట్టు కట్టారు. కొన్నాళ్ళకి ఆ కాలు వాచింది. బాపట్లలో డాక్టరు అనుమానపడి స్కానింగ్ తీయించి, నరంలో రక్తం గడ్డకట్టిందని తేల్చి, మందులిచ్చి నిలబెట్టాడు. జరిగింది ఇంతే. కానీ ఆవిడ ఒడ్డున కూర్చుని చెప్పేసరికి ఆ గడ్డ మొదటిసారి కందిగింజంత, రెండోసారి మట్టగిడస చేపంత, పెళ్ళిలో వియ్యాలవారి ముందు చెప్పినప్పుడు మలుగుపామంత అయ్యింది. ఆ మలుగుపాము స్కానింగ్ తెర మీద నుంచి తనని చూసి కన్ను కొట్టిందని కూడా అంది. నాగలక్ష్మి ఆ రోజు నవ్వి నవ్వి పొలమారి, విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

ఇప్పుడు అదే నాగలక్ష్మిని నమ్మించాలి. కొడుకు నాగశివ సముద్రం మీద ఉన్నాడు. ఫోను కలవదు. బాపట్ల డాక్టరు గారి ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. సాక్ష్యానికి తన నోరు తప్ప ఏమీ లేదు. ఆ నోటి సంగతేమో రెండు జిల్లాలకీ తెలుసు.

వీధి తలుపు చప్పుడైంది. అంకమ్మ వచ్చేసింది, చేతిలో ఆముదం గిన్నె, భుజాన తువ్వాలు. ఒకప్పుడు దున్నపోతు మెడ పట్టేస్తే మెడ సరిచేసిన చేతులవి అని చెప్పుకుంటారు. పేరంటాలు వెళ్ళి గది గడప మీద కూర్చుంది. తలుపుకి అటు ఒక భుజం, ఇటు ఒక భుజం. సన్నటి మనిషి కాదు కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోయింది.

"అదేంటమ్మా, గడప మీద కూర్చున్నావు? లే, ఆముదం చల్లారిపోద్ది," అంది అంకమ్మ.

"చల్లారనీ."

"బాలింతని చూడొద్దా?"

"చూడు. నా తల మీదుగా చూడు. చెయ్యి మాత్రం వెయ్యడానికి లేదు. వెయ్యాలంటే నన్ను తొక్కుకుంటూ పో."

నాగలక్ష్మికి కోపం నషాళానికి అంటింది. "మా ఇంట్లో కూర్చుని ఈ దౌర్జన్యం ఏంటి వదినా? కన్నది నేను. నా పిల్లకి ఏం చెయ్యాలో నాకు తెలీదా?"

"తెలుసు. కానీ ఈ కాలు సంగతి నీకు తెలీదు, నాకు తెలుసు."

"ఆఁ, తెలుసు! మలుగుపాము కథేగా? చెప్పు చెప్పు, ఈసారి అది ఏం చేసిందో. పాట పాడిందా?"

అంకమ్మ కిసుక్కున నవ్వింది. మంచం మీద ఉమ కూడా నవ్వబోయి, ఎందుకో దగ్గి ఊరుకుంది.

పేరంటాలుకి నోటి చివరిదాకా వచ్చింది. పాట పాడటం ఏంటి, తెర మీద నుంచి దిగి డాక్టరుగారి కుర్చీలో కూర్చుంది అనాలని నాలుక దురద పెట్టింది. జీవితంలో మొదటిసారి ఆ దురదని పళ్ళ మధ్య నొక్కిపెట్టింది.

"వదినా," అంది. "పోయినేడు నా కాలు ఇట్టాగే వాచింది. ఒక్క కాలే. లోపల నరంలో రక్తం గడ్డకట్టింది. రుద్దితే అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయి, మనిషే పోవచ్చన్నాడు డాక్టరు."

ఆగింది.

నాగలక్ష్మి ఎదురుచూసింది. అంకమ్మ ఎదురుచూసింది. పేరంటాలు మాట అక్కడ ఆగదని అందరికీ తెలుసు. ఇంకా తోక ఉంటుంది, రెక్కలుంటాయి. ఏమీ రాలేదు. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడిన చప్పుడు వినిపించింది, ఎవరూ కదల్లేదు.

"అంతేనా?" అంది నాగలక్ష్మి.

"అంతే."

"మరి మలుగుపామేదీ?"

"ఇవాళ దాన్ని ఇంటి దగ్గర వదిలేసి వచ్చాను వదినా."

నాగలక్ష్మి ముఖంలో నవ్వు ఎలా పోయిందంటే, దీపం ఆర్పినట్టు పోయింది. పేరంటాలు శోకాలు పెట్టి, గుండెలు బాదుకుని చెప్పి ఉంటే ఆవిడ ఎదురు తిరిగేది. ఈ పొట్టిమాట మాత్రం భయపెట్టింది.

పేరంటాలు అదే అదనుగా లేచి, బొడ్లో దోపుకున్న వల దారం ఉండ తీసింది. ముందు ఉమ కుడి పిక్క చుట్టూ చుట్టి, ముడి దగ్గర వేలు పెట్టి పట్టుకుంది. అదే దారం ఎడమ పిక్కకి చుట్టింది. కొసలు కలవలేదు. మధ్యలో బెత్తెడు ఖాళీ.

"వాతమైతే రెండు కాళ్ళకీ ఉండాలిగా అంకమ్మా? నువ్వే చెప్పు. నీ చేతుల కింద ఎన్ని కాళ్ళు బాగుపడ్డాయో నాకు తెలీదా?"

అంకమ్మ గిన్నె కింద పెట్టింది. వంగి ఆ బెత్తెడు ఖాళీ వంక చూసింది. చూసి, వేడిగా ఉన్న పిక్కకి చెయ్యి తగిలీ తగలకుండా ఆనించి తీసేసింది. "నాకెందుకమ్మా వచ్చిన గొడవ. డాక్టర్లకే చూపించుకోండి," అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆముదం గిన్నె మాత్రం మర్చిపోకుండా పట్టుకెళ్ళింది.

"సరే," అంది నాగలక్ష్మి. "ఎక్కడికి తీసుకెళ్ళాలంటావు?"

"తెనాలికి. పురుడు పోసిన చోటికే. అక్కడ నరాలు చూసే స్కానింగ్ ఉంది."

"తెనాలా!" మళ్ళీ మొదటికొచ్చింది నాగలక్ష్మి. "పురిటినీళ్ళు పోశాక మూడో నెల దాకా బాలింత పారే నీళ్ళు దాటకూడదు వదినా. తెనాలికి ఎన్ని కాలువలు దాటాలో తెలుసా?"

"మరి కాన్పై తెనాలి నుంచి ఇంటికెలా వచ్చింది? ఎగిరొచ్చిందా?"

"అప్పుడు నీళ్ళు పొయ్యలేదు. పొయ్యకముందు లెక్క వేరు, పోశాక లెక్క వేరు."

ఇంకొకరైతే ఈ మాటకి జుట్టు పీక్కునేవాళ్ళు. పేరంటాలు పీక్కోలేదు. ఎందుకంటే తన ఇంట్లోనూ అదే లెక్క. పడవ మొదటిసారి నీళ్ళల్లోకి దింపేటప్పుడు గంగమ్మకి చెప్పకుండా తాడు విప్పరు.

"దాటకూడదు. నిజమే. చెప్పకుండా దాటకూడదు," అంది. "చెప్పి దాటిద్దాం. పసుపూ కుంకుమా పట్టుకో. ప్రతి కాలువ దగ్గరా గంగమ్మకి నేను చెబుతాను. ఆవిడకి నా గొంతు తెలుసు. ముప్పై ఏళ్ళుగా మొగుణ్ణీ కొడుకునీ ఆవిడ చేతుల్లో పెట్టి పంపిస్తున్నాను. ఒక్కసారి నా మాట వినకపోద్దా?"

అప్పటిదాకా వసారాలో నిలబడి చెప్పులు తొడుక్కుంటూ, విప్పుకుంటూ ఉన్న ఉమ తండ్రి నరసింహారావు, "లూకాని ఆటో తెమ్మంటా," అని బయటికి నడిచాడు. ఆ ఇంట్లో ఆయన మాట్లాడటం అరుదు. అందుకే మాట్లాడితే చెల్లుతుంది.

లూకా ఆటో గురించి తర్వాత తీరుబడిగా చెప్పుకోవచ్చు. ఇప్పటికి, దాని హారన్ తప్ప మిగతావన్నీ మోగుతాయని తెలుసుకుంటే చాలు. ఉమని వెనక సీటులో కాలు చాపి, కుదుపు తగలకుండా తలగడలు పెట్టి కూర్చోబెట్టారు. పాప నాగలక్ష్మి ఒళ్ళో. పేరంటాలు కింద, సీటుకీ సీటుకీ మధ్య, కోడలి కాలిని గాజుగిన్నెలా పట్టుకుని కూర్చుంది. నరసింహారావు లూకా పక్కన.

మొదటి కాలువ దగ్గర ఆటో ఆగింది. పేరంటాలు దిగి పసుపూ కుంకుమా చల్లి, దణ్ణం పెట్టి ఎక్కింది. రెండో కాలువ దగ్గర ఆగింది. దిగి చల్లి ఎక్కింది. భట్టిప్రోలు దాటకముందే నాగలక్ష్మి, "లూకా, ఆపు ఆపు, నీళ్ళున్నాయి," అని అరిచింది.

"అది కాలువ కాదు పిన్నీ, చేలోకి తూము," అన్నాడు లూకా.

"పారుతోందా లేదా?"

"పారుతోంది గానీ, అది కూడా లెక్కేస్తే మనం తెనాలి చేరేసరికి పాప బడికెళ్తది."

ఆటో సడెన్‌గా ఆగిన కుదుపుకి ఉమ "అమ్మా" అని మూలిగింది. పెదాలు పాలిపోయాయి. పేరంటాలు కోడలి ముఖం చూసింది, చేతిలో పొట్లం చూసింది. దిగి, ఆ తూము దగ్గరే నిలబడి పొట్లమంతా ఒక్కసారిగా నీళ్ళల్లోకి దులిపేసింది.

"తల్లీ గంగమ్మా! ఈ నీళ్ళకీ, ముందున్న నీళ్ళకీ, ఆ వెనకున్న సముద్రానికీ అన్నిటికీ కలిపి ఇదే. నా కోడలు వస్తోంది, దారియ్యి. తిరిగొచ్చేటప్పుడు చీర పెడతాను," అని గట్టిగా అరిచి చెప్పి ఎక్కింది. "పోనీ లూకా. ఇక తెనాలి దాకా బ్రేకు మీద కాలు పెట్టావంటే ఆ కాలే తీసుకుపోయి స్కానింగ్ చేయిస్తా."

నాగలక్ష్మి పాపని ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది.

తెనాలిలో స్కానింగ్ గదిలో డాక్టర్ జెన్నిఫర్ ఉంది. కాన్పు డాక్టరమ్మ ఆ వాచిన కాలు చూసి ఇంకేమీ అడక్కుండా నేరుగా ఇక్కడికే పంపింది. జెన్నిఫర్ నెమ్మదైన మనిషి. గదిలో ఏసీ చూడగానే నాగలక్ష్మి, "బాలింతండీ, చలి తగలకూడదండి, అది కట్టెయ్యండి," అంది.

"మిషన్‌కి చల్లదనం కావాలండి. అమ్మాయికి దుప్పటి కప్పుతాను," అని జెన్నిఫర్ రెండు దుప్పట్లు కప్పి కాళ్ళు మాత్రం బయట పెట్టింది.

"ఆ జిగురో? అది ఐసు ముక్కలా ఉంటది. నా కాలికి రాసినప్పుడు నేను పైకప్పుకి తగిలి కిందపడ్డాను," అంది పేరంటాలు. కోడలు తెనాలి చేరేసరికి ఆవిడ నాలుక కొంచెం కొంచెంగా సర్దుకుంటోంది.

జెన్నిఫర్ నవ్వి, జిగురు డబ్బాని వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టించింది. "సూది లేదు, కోత లేదు, నొప్పి లేదు ఉమా. ఇది లోపలికి శబ్దం పంపిస్తుంది. ఆ శబ్దం తగిలి వెనక్కి వస్తే, దాన్ని బట్టి లోపల ఏముందో తెర మీద బొమ్మ కడుతుంది."

"మా బోట్లో చేపల్ని చూసే మిషన్‌ లాగానా?" అంది పేరంటాలు.

"అచ్చం అలాగే. పద్ధతి ఒకటే."

"అయితే కానీండి. దాని సంగతి మాకు కొత్త కాదు."

ముందు కుడికాలు చూసింది జెన్నిఫర్. తెర మీద బూడిదరంగులో రెండు నల్లటి గుండ్రాలు పక్కపక్కన కనిపించాయి. "ఇది రక్తం తీసుకెళ్ళేది, ఇది వెనక్కి తెచ్చేది. ఇప్పుడు నొక్కుతాను చూడండి." నొక్కగానే రెండో గుండ్రం పెదాలు మూసుకున్నట్టు అణిగిపోయింది. వదలగానే తెరుచుకుంది. "మంచి నరం ఇలా ఉంటుంది. నొక్కితే అణగాలి." ఒక మీట నొక్కితే ఆ గుండ్రంలో నీలిరంగు కదిలింది. మిషన్ లోంచి హుష్షు హుష్షుమని ఆటుపోటు చప్పుడు వినిపించింది. పేరంటాలుకి ఇంటి ముందు కూర్చున్నట్టుంది.

తర్వాత ఎడమకాలు.

జెన్నిఫర్ మోకాలి వెనక ఆ పరికరం ఆనించింది. నొక్కింది. గుండ్రం అణగలేదు. కొంచెం గట్టిగా నొక్కింది. అణగలేదు. తొడ మీదకి జరిపి నొక్కింది. గోళీకాయలా అలాగే నిలబడింది. రంగు మీట నొక్కింది. నీలం రాలేదు. చప్పుడు రాలేదు. హుష్షు లేదు, అల లేదు. పోటు ఆగిపోయిన కాలువలా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో నాగలక్ష్మి పేరంటాలు మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆవిడకే తెలియదు.

"గడ్డకట్టిందండి," అంది జెన్నిఫర్. "మోకాలి వెనక నుంచి తొడ మొదలు దాకా ఉంది. కాన్పు తర్వాత, ఆపరేషన్ తర్వాత, కదలకుండా పడుకుని నీళ్ళు తక్కువ తాగితే ఇలా కావచ్చు. కానీ కొత్తది. ఇంకా మెత్తగానే ఉన్నట్టుంది. రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇప్పుడే మొదలుపెడదాం. కాలు మాత్రం ఎవరూ రుద్దకూడదు. రుద్దారా ఎవరైనా?"

"లేదండి," అంది నాగలక్ష్మి. "మా వదిన గడపకి అడ్డం కూర్చుంది. లేకపోతే రుద్దించేదాన్నే. నా చేతులతో నేనే..." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పేరంటాలు ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. "ఊరుకో వదినా. గడప ఎక్కడికి పోద్ది, నేనెక్కడికి పోతాను. రేపు ఇంటికెళ్ళాక నీళ్ళ చెంబు కూడా దాని మీదే పెట్టుకుని కూర్చుంటా." లోపల ఆవిడకి ఒళ్ళంతా తేలికైంది. పట్టుకున్నారు. దొంగని ఇంట్లో ఉండగానే పట్టుకున్నారు. ఈ కథ సూర్యలంక ఒడ్డున ఎలా మొదలుపెట్టాలో, ఏ తూము దగ్గర ఏ పడవ తెచ్చి నిలబెట్టాలో అప్పుడే మనసులో కదలడం మొదలైంది.

ఉమ పొడిగా దగ్గింది.

కాలి మీద జిగురు తుడుస్తున్న జెన్నిఫర్ చెయ్యి ఆగింది. "ఈ దగ్గు ఎప్పట్నుంచమ్మా?"

"పొద్దుట్నుంచండి. శొంఠి పెట్టింది అమ్మ."

"ఊపిరి పీలిస్తే ఎక్కడైనా నొప్పి ఉందా?"

ఉమ కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కడ పొడుచుకున్నట్టుంటదండి. పాలు పట్టేటప్పుడు పాప తన్నిందేమో అనుకున్నా."

జెన్నిఫర్ నర్సు వైపు తిరిగింది. గొంతు పెరగలేదు గానీ మాట వేగం పెరిగింది. "పైకి ఫోన్ చెయ్. ఇంజెక్షన్ ఇక్కడికే తెమ్మను. ఆక్సిజన్ చూసే క్లిప్పు ఇలా ఇవ్వు. అమ్మాయిని మంచం మీద నుంచి దించొద్దు."

క్లిప్పు ఉమ వేలికి తగిలించి, అందులో కనిపించిన అంకె చూసింది. ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉంది. చేతిలో ఉన్న పరికరం పక్కన పెట్టి, మిషన్‌కి వేలాడుతున్న ఇంకో పరికరం అందుకుంది. దానికి జిగురు రాసింది. ఈసారి వేడి చెయ్యడానికి ఆగలేదు. దుప్పటి తొలగించి, ఉమ ఎడమరొమ్ము కింద ఆనించింది. చల్లదనానికి పిల్ల ఉలిక్కిపడింది.

"కాలు చూడమని తెస్తే గుండె మీద పెట్టారేంటమ్మా?" అంది పేరంటాలు.

జెన్నిఫర్ రెండో చేత్తో తెరని కొంచెం తన వైపు తిప్పుకుంది. అలా తిప్పుకోవడం చాలా మెల్లగా, ఎవరికీ తెలియకూడదన్నట్టు చేసింది. కానీ పేరంటాలు ముప్పై ఏళ్ళుగా తిరిగొస్తున్న పడవల మీది మనుషుల ముఖాలు దూరం నుంచే చదివిన మనిషి. ఎవరూ రుద్దకపోయినా గడ్డలో ముక్క ఊడి పైకి పాకి ఉంటుందని ఆ ముఖంలోనే చదివింది.

ఆవిడ లేచింది. మంచం చుట్టూ తిరిగి మిషన్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"దాన్ని ఇటు తిప్పండి డాక్టరమ్మా. ఏదున్నా నేను చూస్తాను. ఏం చెయ్యాలన్నా చేస్తాను. వదినా, నువ్వు పాపని తీసుకుని బయట కూర్చో."

నాగలక్ష్మి బయటికి వెళ్ళలేదు. పాపని నరసింహారావు చేతుల్లో పెట్టేసి వచ్చి వియ్యపురాలి పక్కన, భుజానికి భుజం ఆనించి నిలబడింది.

"కన్నదాన్ని," అంది. "నేనూ చూస్తా."

జెన్నిఫర్ ఆ ఇద్దరినీ ఒకసారి చూసింది. తర్వాత తెర అంచు పట్టుకుని వాళ్ళ వైపు తిప్పింది.